తడిమి గుర్తుపట్టే చేయి



ఆదికాండము 27వ అధ్యాయములోని సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసినదే. ఇస్సాకు వృద్ధుడయ్యాడు, కన్నులకు మసక కమ్మింది. పెద్దకుమారుడు ఏశావు ఒళ్లంతా రోమము గలవాడు, చిన్నకుమారుడు యాకోబు నున్నని చర్మము గలవాడు. రిబ్కా మేకపిల్లల తోళ్లు తెచ్చి యాకోబు చేతులకు, మెడకు కప్పి తండ్రి వద్దకు పంపింది. ఇస్సాకు దగ్గరకు పిలిచి తడిమి చూశాడు. గొంతు ఒకరిది, చేతులు మరొకరివి అనిపించింది. సందేహించాడు గాని చివరకు తన చేతికి తగిలినదానినే నమ్మాడు. దీవెన ఇచ్చివేశాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, మన దేహములో ప్రతి క్షణము ఇటువంటి తడుములాటే జరుగుతున్నది. దేహములోని కణములకు కన్నులు లేవు, చెవులు లేవు. ఒక కణము మరొక కణమును గుర్తుపట్టాలంటే తాకి చూడవలసినదే. ఆ తాకే చేతుల పేరు లెక్టిన్లు. అవి ఒక రకమైన ప్రోటీనులు. క్యాన్సరు వ్యాధి ఈ చేతులను ఏ విధముగా మోసగిస్తుందో శాస్త్రజ్ఞులు కొద్దికొద్దిగా తెలుసుకొంటున్నారు. క్రైస్తవ కుటుంబములు కూడా ఇది తెలుసుకొనుట మేలని తోచి ఈ నెల వ్రాస్తున్నాను.

కణము మీది కంకులు

మన దేహములో దాదాపు 30 లక్షల కోట్ల కణములున్నవని లెక్క కట్టారు. ప్రతి కణము చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర నున్నగా ఉండదు. కార్తీకమాసములో మన డెల్టా పొలము గట్టున నిలబడి చూస్తే వరికంకులు ఎట్లా కనబడతాయో, కణము పైపొర మీద చక్కెర గొలుసులు అట్లా నిలబడి ఉంటాయి. చక్కెర అనగానే ఉయ్యూరు ప్రాంతపు చెరకు నుండి వచ్చే పంచదార అనుకోవద్దు. ఇవి గెలాక్టోసు, మానోసు, ఫ్యూకోసు, సియాలిక్ ఆమ్లము మొదలైన పేర్లుగల వేరు వేరు చక్కెరలు. మనము తిన్న ఆహారము నుండి దేహము తానే వీటిని తయారుచేసుకొని, ఒకదానికొకటి ముడివేసి గొలుసులుగా అల్లుకొంటుంది.

ఈ గొలుసులే కణమునకు గుర్తు. ఏ చక్కెర ముందు, ఏది వెనుక, చివరన ఏది అన్నదానిని బట్టి అది కాలేయ కణమా, రక్త కణమా, మనదా, పరాయిదా అని తెలుస్తుంది. మంగళగిరి చీరను, పెడన కలంకారీని దూరమునుండే అంచునుబట్టి, అద్దకమునుబట్టి మన ఇంటి ఆడవారు చెప్పివేస్తారు గదా! అటువంటిదే.

ఎ, బి, ఎబి, ఓ అను రక్తపు గుంపులు ఈ చక్కెరల వలన వచ్చిన తేడాలే. ఎ గుంపువారి ఎర్ర కణముల గొలుసు చివరన ఒక రకపు చక్కెర, బి గుంపువారికి మరొకటి, ఎబి వారికి రెండూ ఉంటాయి, ఓ గుంపువారికి ఆ రెండూ ఉండవు. ఆసుపత్రిలో రక్తము ఎక్కించేముందు ఈ చివరి చక్కెరను కూడా సరిచూస్తారు. అది తప్పితే ప్రాణమునకే ముప్పు.

ఉలవగింజ చెప్పిన సంగతి

ఈ గుర్తులను చదువుట మనుష్యునికి నేర్పినవి గింజలు. 1888లో డోర్పాట్ అను పట్టణములో స్టిల్‌మార్క్ అను వైద్య విద్యార్థి ఆముదపు గింజల సారమును రక్తములో కలిపి చూశాడు. ఎర్ర కణములన్నీ ఒకదానినొకటి అంటుకొని గడ్డలు కట్టినవి. 1891లో మన గురివింద గింజలోనూ అటువంటి పదార్థమే ఉన్నదని తేలింది. అవి కణములను ఎట్లా పట్టుకొంటున్నవో అప్పుడు తెలియలేదు. 1936లో అమెరికాలో సమ్నర్, హోవెల్ అనువారు ఒక చిక్కుడు జాతి గింజలోని ప్రోటీను చక్కెరను పట్టుకొంటుందని చూపించారు. 1954లో బాయిడ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన తోటి పరిశోధకురాలు కలిసి ఈ ప్రోటీనులకు లెక్టిన్ అని పేరుపెట్టారు. లాటిను భాషలో దానికి మూలము ఏరుకొనుట, ఎన్నుకొనుట అను అర్థముగల మాట. తనకు తగిన చక్కెరనే ఏరుకొని పట్టుకొంటుంది గనుక ఆ పేరు తగినదే.

ఇందులో మన ఉలవలకు కూడా భాగమున్నది. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఆ నీటిని చారు కాచుకొనే అలవాటు మన కృష్ణా, గుంటూరు పల్లెలలో తరతరాలుగా ఉన్నది. 1951లో మన దేశములో పనిచేసిన జి. డబ్ల్యు. జి. బర్డ్ అను వైద్యుడు పచ్చి ఉలవల సారము ఎ గుంపు రక్తమును మాత్రమే గడ్డ కట్టిస్తుందని కనుగొని, బెంగుళూరు నుండి వెలువడే కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. తగినంత పలుచన చేస్తే అది ఎ గుంపులోని ఎ1, ఎ2 అను ఉపగుంపులను కూడా విడదీస్తుందని ఆ తరువాత తెలిసింది. నేటికీ రక్తనిధులలో ఎ1 గుంపును తెలుసుకొనుటకు వాడే చిన్న సీసాలోని మందు ఈ ఉలవ లెక్టిన్‌తో చేసినదే. ఎడ్లకు పెట్టే గింజ మనుష్యుని రక్తములోని గుర్తును చదువుతున్నది!

మన తెలుగు నేల మీద కూడా ఈ పని జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఎన్. శివకుమార్, ఎం. జె. స్వామి మొదలగు పరిశోధకులు పొట్లకాయ గింజల నుండి గెలాక్టోసును పట్టుకొనే లెక్టిన్‌ను శుద్ధిచేసి 1996లో ప్రకటించారు. కూర తరిగేటప్పుడు మనము గీకి పారవేసే గింజలవి.

మనలోని చేతులు

గింజలలోనే గాక మన దేహములోనూ లెక్టిన్లు ఉన్నవి. రక్తములోని అనేక ప్రోటీనుల గొలుసుల చివర సియాలిక్ ఆమ్లము టోపీ వలె ఉంటుంది. ప్రోటీను పాతబడి ఆ టోపీ ఊడినప్పుడు కాలేయములోని ఒక లెక్టిన్ దానిని పట్టుకొని లోపలికి లాగివేస్తుంది. పాతవాటిని ఏరివేసే పని దానిది. మరొక లెక్టిన్ రక్తములో తిరుగుతూ సూక్ష్మక్రిముల ఒంటి మీది మానోసును గుర్తుపట్టి వాటికి అంటుకొని, ఇదిగో శత్రువు అని చూపిస్తుంది. సెలెక్టిన్లు అనునవి రక్తనాళపు గోడల మీద ఉండి, దెబ్బ తగిలిన చోట తెల్ల కణములను పట్టి ఆపుతాయి. గెలాక్టోసు గల గొలుసులను పట్టుకొనే గెలెక్టిన్లు అను కుటుంబము ఒకటి ఉన్నది. వాటికి ఆ పేరు 1994లో పెట్టారు. మనుష్యులలో ఇవి పదికి పైగా ఉన్నవి. కణమును కణమునకు అంటించుట, ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు చావాలి అను సంకేతములను సర్దుట వీటి పని.

తల్లి గర్భములో మనలను అల్లినవాడు దేవుడని 139వ కీర్తన సాక్ష్యమిస్తుంది. కంటికి కనబడని ఒక్కొక్క కణమునకు ఇంత అల్లిక, ఇంత గుర్తు ఏర్పరచిన ఆయన జ్ఞానమునకు మనము ఏమి చెప్పగలము?

మేకపిల్ల తోలు

క్యాన్సరు కణము బయటినుండి వచ్చిన శత్రువు కాదు. మన దేహములోనిదే, దారి తప్పి హద్దు లేక పెరుగుతున్న కణము. అందుచేతనే దానిని పట్టుకొనుట అంత కష్టము. దారి తప్పినప్పుడు దాని పైనున్న చక్కెర అల్లిక కూడా మారిపోతుంది. కొన్ని గొలుసులు, అంచు పూర్తికాకముందే మగ్గము మీదినుండి కోసిన గుడ్డవలె, సగములో ఆగిపోతాయి. మరికొన్నిటి మీద సియాలిక్ ఆమ్లము ఉండవలసినదానికంటె ఎక్కువగా కప్పుకొంటుంది.

ఈ ఎక్కువ కప్పుకొనుటలోనే ఇస్సాకు కథ ఉన్నది. మన రక్షక కణముల మీద సిగ్లెక్కులు అను లెక్టిన్లు ఉన్నవి. సియాలిక్ ఆమ్లము తగిలితే, ఇది మనవాడే, వదిలివేయి అని అవి చెబుతాయి. మన స్వంత కణములను మనమే చంపుకొనకుండా దేవుడు పెట్టిన కాపు అది. క్యాన్సరు కణము అదే చక్కెరను దట్టముగా కప్పుకొని ఎదుట నిలుస్తుంది. రక్షక కణము తడిమి చూస్తుంది. చేతికి తగిలినది తెలిసిన చర్మమే. వదిలివేసి పోతుంది.

మోసము అంతటితో ఆగదు. కొన్ని క్యాన్సరులలో గెలెక్టిన్లు మితిమీరి తయారై, చంపడానికి వచ్చిన రక్షక కణములనే చచ్చునట్లు చేస్తాయి. గడ్డనుండి విడిపడి రక్తములో కొట్టుకొనిపోయే క్యాన్సరు కణములు, తమ ఒంటిమీది చక్కెరను సెలెక్టిన్లకు అందించి, నాళపు గోడకు అంటుకొని క్రొత్త చోట దిగడానికి చూస్తాయి. పడవకు కట్టే మోకును దొంగ అందుకొన్నట్లే. రొమ్ములో పుట్టిన వ్యాధి ఎముకలోనికి, ఊపిరితిత్తిలోనికి పాకుటలో ఇటువంటి పట్లు కొన్ని సాయపడతాయి.

పరీక్షలో పప్పుగింజ

ఆ తోలు క్రింద ఉన్నదేమిటో చూచే ఉపాయములు కూడా మనుష్యునికి దొరికినవి. ఉలవల సంగతి చెప్పిన బర్డుగారే 1964లో వేరుశనగ గింజలోని లెక్టిన్ ఒక మరుగైన గుర్తును పట్టుకొంటుందని ప్రకటించారు. ఆరోగ్యముగల కణములలో ఆ గుర్తు ఇతర చక్కెరల క్రింద దాగి ఉంటుంది. అనేక క్యాన్సరులలో అల్లిక సగములో ఆగినందున అది బయటపడుతుంది. కాబట్టి పరిశోధనశాలలో వేరుశనగ లెక్టిన్ అటువంటి కణములను చూపించగలదు. 1987లో లండనులో లెథెమ్, బ్రూక్స్ అనువారు ఒక జాతి నత్తనుండి తీసిన లెక్టిన్‌తో రొమ్ము క్యాన్సరు ముక్కలను పరీక్షించి, అది అంటుకొన్న గడ్డలు తిరిగి వచ్చే అవకాశము ఎక్కువని ప్రకటించారు.

మన వంటింటిలోని ఎర్ర పప్పును, అనగా మసూరు పప్పును చూడండి. కాలేయపు క్యాన్సరు ఉన్నదేమోనని రక్తములో చూచే ఒక ప్రోటీను ఉన్నది. అది కాలేయపు ఇతర జబ్బులలో కూడా పెరుగుతుంది గనుక తికమక పడే వీలున్నది. అయితే క్యాన్సరు కణము చేసిన ప్రోటీను గొలుసులో ఫ్యూకోసు అను చక్కెర అదనముగా ఉంటుంది. మసూరు పప్పు లెక్టిన్ దానిని పట్టుకొంటుంది. దాని ఆధారముగా చేసిన పరీక్ష వైద్యములో వాడుకలో ఉన్నది. క్లోమపు క్యాన్సరు రోగులకు చేసే సిఎ 19-9 అను రక్తపరీక్ష కూడా ఒక చక్కెర గొలుసును కొలిచేదే. ఇది వ్యాధి తగ్గుతున్నదో పెరుగుతున్నదో చూచుటకు ఉపయోగపడుతుంది. బ్రతికియున్న కణముల మీది చక్కెరలను చూచే పద్ధతిని కనిపెట్టిన కెరొలిన్ బెర్టోజీ అను శాస్త్రజ్ఞురాలు 2022లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానమును మరి ఇద్దరితో పంచుకొన్నది. క్యాన్సరు కణము కప్పుకొన్న సియాలిక్ ఆమ్లమును కత్తిరించివేసి, రక్షక కణములకు దానిని పట్టించే మందుల మీద పరిశోధనలు జరుగుతున్నవి.

కుండలో విషము

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. మా సంఘములో ఒక తల్లికి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరని తేలి రేడియేషను మొదలుపెట్టారు. రెండు వారములు వెళ్లి ఆమె మానివేసింది. ఇంటికి వెళితే మంచము ప్రక్కన ఏదో గింజల పొడి పొట్లము కనబడింది.

"ఏమిటమ్మా ఇది?" అని అడిగాను.

"గింజలలో క్యాన్సరును చంపే గుణమున్నదని పేపర్లో పడిందట అయ్యగారూ. మా పెద్దల్లుడు తెచ్చిపెట్టాడు. కరెంటు పెట్టించుకొంటే ఒళ్లు మండిపోతున్నది. ప్రార్థన చేసుకొని ఇది వేసుకొంటున్నాను" అన్నది.

పేపర్లో పడినది అబద్ధము కాకపోవచ్చును. గాజుపాత్రలో పెంచిన క్యాన్సరు కణముల మీద అనేక లెక్టిన్లు పనిచేస్తాయి. ఆ పాత్రలో నిప్పు కూడా పనిచేస్తుంది, యాసిడ్ కూడా పనిచేస్తుంది! నోటితో మ్రింగిన గింజ గడ్డవరకు చేరి, చెడ్డ కణమును మాత్రమే ఏరి చంపుతుందని ఎవరును చూపించలేదు. ఆముదపు గింజలోని రిసిన్, గురివిందలోని అబ్రిన్ అనునవి లెక్టిన్లే, భయంకరమైన విషములు కూడా. అవి మంచి కణము, చెడ్డ కణము అని చూడవు. చక్కెరను పట్టుకొని లోపలికి దూరి, ఆ కణము ప్రోటీను తయారుచేసుకొనే పనిని ఆపివేస్తాయి. నమిలిన, నూరిన గురివింద గింజ మనిషి ప్రాణము తీయగలదు. గింజలనుండి సరిగా తీసిన ఆముదములో రిసిన్ ఉండదు, గింజలో, పిండి చెక్కలో ఉంటుంది. ఉలవలు, చిక్కుళ్లు, రాజ్మా మొదలైన పప్పుగింజలను బాగా ఉడికించి తింటే వాటి లెక్టిన్లు పాడైపోతాయి గనుక భయపడనక్కరలేదు. అవి మంచి ఆహారమే. క్యాన్సరుకు మందు మాత్రము కావు.

పంచదార మానివేస్తే క్యాన్సరు మాడి చస్తుందని మరికొందరంటారు. కణము మీది చక్కెర గొలుసులను దేహము అన్నము నుండి, పప్పు నుండి, దేని నుండైనా అల్లుకొంటుంది. షుగరు వ్యాధి ఉన్నవారు వైద్యుడు చెప్పినట్లు తీపి తగ్గించవలసినదే. అయితే చికిత్సలో బలహీనపడిన రోగికి తిండి తగ్గించి ఎముకల గూడు చేయవద్దు.

రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములో కరువు కాలమున ప్రవక్తల శిష్యుడొకడు పొలములోనికి పోయి ఒక అడవితీగ కాయలను గుణము తెలియకయే ఒడినిండ కోసుకొని వచ్చి కుండలో తరిగివేశాడు. వాడు చెడ్డవాడు కాడు. ఆకలిగొన్నవారికి పెట్టాలన్నదే వాని ఆశ. అయినను కుండలో మరణము చేరింది. ఆ పెద్దల్లుడు కూడా ప్రేమతోనే తెచ్చాడు. గుణము తెలియని ప్రేమ ఎంత ప్రమాదమో చూడండి.

ఆ తల్లిని ఒప్పించి తిరిగి ఆసుపత్రికి తీసుకొనివెళ్లాము. చికిత్స పూర్తయింది. ఇప్పుడు పరీక్షలకు వెళ్లివస్తున్నది. మధ్యలో పోయిన నాలుగు నెలల సంగతి వైద్యులు మాతో దాచలేదు. అటువంటి విరామము వ్యాధికి బలమిస్తుంది.

రెండవ ముసుగు

దాగుకొనుట క్యాన్సరు స్వభావము. అది తనంతట తానే ఒక ముసుగు వేసుకొని ఉన్నది. దాని మీద మనము మరొక ముసుగు వేయుట నేను అనేక ఇండ్లలో చూశాను. రొమ్ములో గడ్డ తగిలినా సిగ్గుతో చెప్పని తల్లి, పెండ్లి కావలసిన కూతురున్నదని ఊరికి తెలియకుండా దాచే తండ్రి, పాపము చేసినందున వచ్చిందంటారేమోనని సంఘములో ప్రార్థన కూడా అడుగని కుటుంబము, చుట్ట మానమంటారని నోటిలోని తెల్లమచ్చ చూపించని తాతగారు. దేహములోని రక్షక కణములు మోసపోతే వాటిని తప్పుపట్టలేము, వాటికి కన్నులు లేవు. మనకు కన్నులున్నవి, నోరున్నది.

పుట్టుగ్రుడ్డివాని విషయములో ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు వాని పాపమని గాని, వాని కన్నవారి పాపమని గాని చెప్పలేదు (యోహాను 9). రోగిని చూచి లెక్కలు కట్టే పని మనది కాదు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అదే సమయములో యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. ప్రార్థనకు, వైద్యమునకు ఆ ఇంటిలో తగవు రాలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే.

కాబట్టి ఈ గుర్తులను ఇంటిలో అందరు తెలుసుకొనండి. నోటిలో మూడు వారములకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ. రొమ్ములో గడ్డ, చర్మము లోనికి గుంజుట, చనుమొన నుండి రక్తము. ముట్లు నిలిచిన తరువాత రక్తము కనబడుట. కారణము లేక బరువు తగ్గుట, విడువని దగ్గు, మ్రింగుటకు కష్టము. ఇవన్నీ క్యాన్సరే కానవసరము లేదు. అయితే చూపించుకొనవలసినవే. చుట్ట, ఖైనీ, గుట్కా ఇంటికి రానీయకండి. మన దగ్గరలో గుంటూరు సర్వజన ఆసుపత్రిలో క్యాన్సరు కేంద్రమున్నది, విశాఖపట్టణములో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి, హైదరాబాదులో ఎం. ఎన్. జె. ఆసుపత్రి ఉన్నవి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకము, పేర్లు మారినను, పేద కుటుంబములకు క్యాన్సరు చికిత్సలో సాయపడుతున్నది. కార్డు తీసుకొని వెళ్లి అడగండి.

స్త్రీల సమాజపు నాయకురాండ్రకు ఒక మనవి. నెలలో ఒక కూడికలోనైనా ఈ సంగతులు మాట్లాడండి. మగవారి ఎదుట చెప్పలేనిది ఒక అక్కకు చెప్పగలిగితే ఒక ప్రాణము నిలుస్తుంది. భయపడేవారికి తోడుగా ఆసుపత్రికి ఒకరు వెళ్లండి. ఏలూరు, గుడివాడ, మచిలీపట్నము, ఏ ఊరి సంఘమైనా సరే, బస్సు ఎక్కించి పంపుట కాదు, ప్రక్కన కూర్చొనండి.

మసకబారిన కన్నులతో తడిమి ఇస్సాకు మోసపోయాడు. మన ప్రభువు కుష్ఠరోగిని ముట్టినప్పుడు ఆయన చేయి మోసపోలేదు, వెనుకకు తీసికొనబడలేదు. ఆ చేయి పట్టుకొన్నవారికి దాచవలసినది ఏదియు లేదు. మీ ఇంటిలో ఎవరైనా ఏదైనా దాచుచున్నట్లయితే, ఈ పత్రిక మూసిన తరువాత, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందే మెల్లగా అడగండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఆత్మలతో పాటు మీ శరీరములను కూడా కాపాడును గాక. ఆమెన్.